పులిహోర పెరగలేదు

మా ఆయన మీద నాకు పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. తాగడు, పేకాడడు, నా వంటకి వంక పెట్టడు. ఒక్కటే చిక్కు. దేన్నీ దాని మానాన వదిలెయ్యడు. మా వంటింటి అలమరలో ఒక అరటికాయ ఉంది. పండుతుందని నిరుడు శ్రావణమాసంలో కొన్నది. ఇప్పటికీ పచ్చగా, మెరుస్తూ, రాయిలా ఉంది. పండదు, కుళ్ళదు, కూరకీ పనికిరాదు. చుట్టాలొస్తే మా ఆయన దాన్ని పళ్ళెంలో పెట్టి చూపిస్తాడు. మిగతా ఇళ్ళలో పిల్లల బహుమతులు చూపిస్తారు.

ఆయన పేరు పట్టాభి. విశాఖపట్నంలో పళ్ళూ కూరగాయలూ నిలవ ఉంచే పద్ధతులు కనిపెట్టే ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్త. ఎన్నో ఏళ్ళు కష్టపడి ఒక మందు తయారుచేశాడు. దానికి 'నిలుపు' అని పేరు పెట్టాడు. ప్రాణమున్న ప్రతిదాని లోపలా 'ఇక పద, ముందుకు నడు' అని తోసే సంకేతం ఒకటి ఉంటుందట. నిలుపు వెళ్ళి దానితో 'కాస్త కూర్చో' అంటుందట. అదీ కూర్చుంటుందట. రెండు చుక్కలు చాలు.

వరలక్ష్మీ వ్రతానికి తెచ్చిన సన్నజాజి మొగ్గల మీద కూడా చెప్పకుండా ఆ చుక్కలు చిలకరించాడు. పటానికి వేసిన దండ దసరా దాకా తాజాగా ఉంది. ఒక్క మొగ్గా విచ్చలేదు, ఒక్కదానికీ వాసన లేదు.

"వాసన లేని పువ్వుని అమ్మవారు మాత్రం ఏం చేసుకుంటుందిరా?" అంది మా అత్తగారు.

"వాసన రెండో దశ పరిశోధనమ్మా," అన్నాడు.

పిల్లి కావాలన్నది నేను. ఇంట్లో నా మాట వినని వాళ్ళు ఇద్దరే ఉన్నారు, మూడో ప్రాణి ఉంటే బావుణ్ణనిపించింది. కింద ఫ్లాటు రత్నమాలగారు కూడా ఉత్సాహపడింది. మా ఆయనతో కలిపి ముగ్గురం పెందుర్తి దాటాక ఉన్న జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్ళాం.

రేకుల షెడ్డు, చుట్టూ ఇనప వల, లోపల అన్ని రకాల అరుపులూ. దాన్ని నడిపేది రెజీనా అనే ఆవిడ. పొట్టి జుట్టు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. నా పెళ్ళిచూపుల్లో మా అత్తగారు కూడా నన్ను అన్ని ప్రశ్నలు అడగలేదు.

"ఇంట్లో ఎవరెవరుంటారు? ఎవరైనా కసురుకుంటారా?"

"మా అత్తగారు కసురుతారు. అయితే అందరినీ సమానంగా."

ఈలోగా నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఏదో పైకి పాకుతోంది. చూస్తే గుప్పెడంత పిల్లికూన. పసుపుపచ్చ ఒళ్ళు, దాని మీద అక్కడక్కడ నల్లటి మచ్చలు, వీపు మీద ఒక్క ఎర్రటి చార. అచ్చం ఆవాలూ ఎండుమిర్చీ వేసి కలిపిన పులిహోర. నడుం దాకా ఎక్కి, కొంగులో దూరి, నా బొటనవేలు నోట్లో పెట్టుకుని గుర్రుమంటూ కళ్ళు మూసుకుంది. ఎంపిక అయిపోయింది. చేసింది నేను కాదు.

దాని తమ్ముణ్ణి రత్నమాలగారు తీసుకుంది. బంటీ అని పేరు కూడా అక్కడే పెట్టేసింది.

"మధ్యలో నేనొచ్చి చూస్తాను," అంది రెజీనా. "సరిగా చూసుకోకపోతే తీసుకెళ్ళిపోతాను. మొహమాటం ఉండదు. కూనగా ఉన్నప్పుడు అందరికీ ముద్దేనండీ. పెద్దదయ్యాక 'లావెక్కింది, ఆడుకోవట్లేదు' అని అట్టపెట్టెలో పెట్టి మా గేటు ముందు వదిలేస్తారు. అదిగో, అవన్నీ అలా వచ్చినవే."

వల వెనక ఎదిగిన పిల్లులు వరసగా కూర్చుని మా వంక చూస్తున్నాయి. బతిమాలడం లేదు, ఊరికే చూస్తున్నాయి. మా ఆయన చాలాసేపు వాటి ముందు నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జాలిపడ్డాడనుకున్నాను. జాలిపడ్డ మాట నిజమే. ఆయన జాలిపడితేనే ప్రమాదమని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

పులిహోర వచ్చాక మా ఇంట్లో కర్టెన్లు అంచుల నుంచి పైకి చిరగడం మొదలైంది. మా అత్తగారు వత్తులు చేసుకుందామని పత్తి విడదీసి పెడితే, అది దాన్ని హాలంతా పరిచి మధ్యలో పడుకునేది. నేను కూరలు తరుగుతుంటే బెండకాయ తొడిమెల్ని ఎలకల్లా వేటాడేది. ఎవరు కూర్చున్నా ఒళ్ళోకి దూకేది, గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి భుజమెక్కి కూడా గుర్రుమంది.

"పొద్దున్నే పిల్లి మొహం చూడాల్సొచ్చింది," అని మొదట్లో మా అత్తగారు రోజూ నొచ్చుకునేది. తరవాత ఆవిడే, ఇంట్లో ఉండేది ఎదురొచ్చినట్టు లెక్క కాదని తేల్చి, దానికి పెరుగన్నం కలపడం మొదలెట్టింది.

ఇక్కడే పెరుగు గురించి చెప్పాలి. ఎండాకాలం వచ్చింది. విశాఖ ఉక్కలో పొద్దున తోడుకున్న పెరుగు సాయంత్రానికి పుల్లబడుతుంది. మా ఇంట్లో పుల్లబడలేదు. మర్నాడూ కమ్మగానే ఉంది, ఆ మర్నాడూ అంతే. నా చేతి మహిమ అనుకున్నాను. ఎవరూ పొగడకపోతే మనిషి ఇలాంటివే అనుకుంటుంది.

రత్నమాలగారు తోడుకి ఒక చెంచా పట్టుకెళ్ళింది. ఆవిడ దగ్గర్నించి పై ఫ్లాటు వాళ్ళు. వాళ్ళ దగ్గర్నించి ఎదుటి బ్లాకు. మా అపార్ట్‌మెంట్లో వార్తల కన్నా తోడు వేగంగా తిరుగుతుంది. మళ్ళీ పలచబడితే మా ఇంటికే వచ్చేవారు.

"సుభాషిణిగారూ, మీ పెరుగు పెరుగు కాదండీ, అమృతం," అనేవాళ్ళు. నేను వినయంగా తల వంచుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే ఇంకొన్ని మంచి సంగతులు జరిగాయి. నా పాపిట్లో తెల్లవెంట్రుకలు రంగు కింద నుంచి తొంగిచూడటం మానేశాయి. మా అత్తగారికి గోళ్ళు తీసుకునే పని తప్పింది. మా వీధి మలుపులో ఉన్న సెలూన్ అతను మాత్రం, ఈ అపార్ట్‌మెంటు వాళ్ళందరూ ఏదైనా మొక్కు మొక్కుకున్నారా అని వాచ్‌మన్‌ని అడిగాడట.

రత్నమాలగారి మనవరాలు చిన్మయికి ముందు పళ్ళు ఊడి చాలా కాలమైంది. కొత్తవి రాలేదు. "దీనికి ఇలాగే ఉండిపోతుందేమోనండీ," అని ఆవిడ దిగులుపడితే, "వస్తాయిలెండి, తొందరేముంది," అని ధైర్యం చెప్పాను. ధైర్యంతో పాటు గిన్నెడు పెరుగు కూడా ఇచ్చాను.

రెజీనా వచ్చింది. ముందు రత్నమాలగారి ఇంటికెళ్ళింది. బంటీ సోఫాకి సగం నిండిపోయి పడుకున్నాడట. పాకెట్ పాలూ, చేపముక్కలూ తప్ప ఇంకేదీ ముట్టడు మహానుభావుడు. తరవాత మా ఇంటికొచ్చి పులిహోరని అరచేతిలోకి తీసుకుంది. అరచేతిలో సరిపోయింది.

ఆవిడ మొహం మారిపోయింది.

"ఇది బంటీతో పాటు పుట్టిన పిల్లేనా?"

"అదేనండీ."

"మేడం, మీరు దీనికి తిండి పెట్టడం లేదు."

ఇన్నేళ్ళ జీవితంలో నన్ను చాలామంది చాలా అన్నారు. గయ్యాళినన్నారు, పొగరన్నారు. మా అత్తగారైతే మొదటి సంక్రాంతికి నేను వండిన అరిసెలతో గోడకి మేకు కొట్టొచ్చంది. కానీ నా ఇంట్లో ఒక ప్రాణి ఆకలితో ఉందని ఎవరూ అనలేదు. మీటరు రీడింగుకొచ్చిన మనిషికి కూడా ఉప్మా పెట్టే ఇల్లది.

"పాలు, పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్డు..." అని మొదలెట్టాను.

"తిన్నది పెరుగుతుంది కదమ్మా," అంది రెజీనా. "వచ్చే నెల మళ్ళీ వస్తాను. ఇలాగే ఉంటే తీసుకెళ్ళిపోతాను."

మా అత్తగారు ఆవిణ్ణి గుమ్మం దాకా సాగనంపి వచ్చి, "దీని చేతి వంట తిని మా వాడు లావెక్కాడు, పిల్లి చిక్కిందంటే ఎవరు నమ్ముతారు?" అంది. నన్ను ఆవిడ వెనకేసుకురావడం అదే మొదటిసారి. దానికి ఆనందించే స్థితిలో లేను.

మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపట్నించీ పేజీ తిప్పలేదు.

నేను కూడా బి.ఎస్సీ. చదివాను, రసాయనశాస్త్రమే. పెళ్ళయ్యాక దాన్ని ఎక్కువగా చింతపండు మీదే వాడాను. పెరగని పిల్లి, పుల్లబడని పెరుగు, పండని అరటికాయ. మూడూ ఒకే ఇంట్లో. ఫ్రిజ్‌లో పులిహోర కోసం చిన్న గిన్నెలో పాలు విడిగా ఉంచుతాం. దాని పళ్ళెంలో పొయ్యగా గిన్నెలో మిగిలినవి వృథా ఎందుకని రోజూ సాయంత్రం తోడుపెట్టే పాలల్లో కలిపేదాన్ని.

ఆ పూట రెండు గిన్నెలు తీశాను. బజారు పెరుగు తెచ్చి రెండింటికీ అదే తోడు వేశాను. ఒకదాంట్లో పెద్దగిన్నె పాలు, రెండోదాంట్లో పిల్లి గిన్నె పాలు. గట్టుమీద ఉక్కలో వదిలేశాను. మొదటిది మర్నాటికి పుల్లబడి, ఆ మర్నాటికి నీరు వదిలేసింది. రెండోది పెళ్ళికూతురిలా కూర్చుంది.

రెండు గిన్నెలూ పట్టుకెళ్ళి మా ఆయన టిఫిన్ పళ్ళేనికి అటూ ఇటూ పెట్టాను.

"ఏమండీ, రుచి చూడండి."

చూశాడు. ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"ఇందులో నిలుపు వేశారా?"

"పెరుగులో వెయ్యలేదు సుభా."

"మరి దేంట్లో వేశారు?"

"పాలల్లో," అన్నాడు. అంత సూక్ష్మంగా ఆలోచించే మనిషి.

నేను అరుస్తాననుకున్నాడు కాబోలు, గబగబా చెప్పుకొచ్చాడు. "ఆ వల వెనక పిల్లుల్ని చూశావు కదా. పెద్దవయ్యాయనేగా వదిలేశారు? పెద్దదవ్వకపోతే ఎవరు వదిలేస్తారు? ఎప్పటికీ కూనే. ఎప్పటికీ ముద్దే. లోకంలో ఒక్క పిల్లి కూడా వీధిన పడదు. దానికి నొప్పి లేదు, జబ్బు లేదు. అన్నీ చూశాకే వేశాను. నీకు దాని ఆటలంటే ఇష్టం కదా?"

చిరాకేమిటంటే, ఆయన ఉద్దేశం మంచిది. చెడ్డ ఉద్దేశమైతే తిట్టడం ఎంత సుఖం!

"ఇష్టమే. కానీ దానికి మనం ఇష్టమా?"

"అదేం మాట? అందరి ఒళ్ళోనూ కూర్చుంటుంది కదా."

"అందరి ఒళ్ళోనూ కూర్చుంటుంది. అదే చెబుతున్నాను. రోజూ కుక్కర్ కూత వేస్తే, ముందెప్పుడూ విననట్టు ఎగిరి పడుతుంది. రోజూ అదే కిటికీ గట్టు మీంచి జారుతుంది. పిలిస్తే పలకదు. దానికి పేరుందని తెలీదు. నిన్న స్నానం చేసి తలకి తువ్వాలు చుట్టుకుని వస్తే నన్ను చూసి బీరువా కిందకి దూరింది. ఇన్నాళ్ళూ అన్నం పెట్టిన మనిషినండీ నేను. కింద బంటీ చూడండి, రత్నమాలగారు గొడుగేసుకుని, ముసుగేసుకుని వచ్చినా మెట్ల దగ్గరే అడుగుల చప్పుడు పోల్చుకుంటాడు. మన పిల్లికి రోజూ మొదటి రోజే."

మా ఆయన పులిహోర వంక చూశాడు. అది ఆయన చెప్పు తాడుతో భీకరంగా పోరాడుతోంది.

"జ్ఞాపకం మీద ప్రభావం అంచనా వెయ్యలేదు," అన్నాడు నెమ్మదిగా.

"చిన్మయి పళ్ళ మీద?"

"చిన్మయికేం సంబంధం?"

తోడు సంగతి చెప్పాను. ఎదుటి బ్లాకు దాకా చెప్పాను. మా ఆయన జన్మలో మొదటిసారి ఇడ్లీ వదిలేసి లేచాడు. ప్రయోగశాలల్లో ఎన్ని జాగ్రత్తలుంటాయో నాకు తెలీదు గానీ, వాటిని రాసినవాళ్ళలో ఒక్కరికీ పొరుగింటికి చెంచాడు తోడు ఇచ్చే అలవాటున్నట్టు లేదు.

"మనుషుల్లో ఇంత పలచటి మోతాదైతే కొన్నాళ్ళకి పోతుంది. తప్పకుండా పోతుంది," అన్నాడు.

"పిల్లిలో?"

ఆయన అలమర వైపు చూశాడు. అరటికాయ పచ్చగా నవనవలాడుతోంది. దానికి చుక్కలు మానేసి చాలా కాలమైందని నాకూ తెలుసు.

ఆ రోజు ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగి పెరుగంతా పారబోయించాను. ఏం చెప్పాలో తోచక, మా పాలల్లో తేడా వచ్చిందన్నాను. అమృతమన్న వాళ్ళే "మాకు మొదట్నించీ అనుమానమేనండీ," అన్నారు. ఎవరి ఇంట్లోనూ పాత తోడు మిగలకూడదని, ఎండుమిర్చి తొడిమెలు వేసి కొత్తగా తోడుపెట్టి పొద్దుట ఇంటింటికీ పంచాను. రెండ్రోజుల్లో అపార్ట్‌మెంటంతా పుల్లటి వాసన. అంత సంతోషంగా నేనెప్పుడూ ముక్కు మూసుకోలేదు.

చిన్మయి చిగుళ్ళలో తెల్లటి గీత కనపడిందని రత్నమాలగారు మిఠాయి పంచింది. సెలూన్ ముందు వరస కట్టారు. నా పాపిట్లో తెల్లదారం మళ్ళీ తొంగిచూసింది. అన్నీ ముందుకు నడిచాయి, ఒక్క పులిహోర తప్ప. రోజూ పొద్దున దాన్ని కూరల తక్కెట్లో పెట్టేదాన్ని. ముల్లు కదిలేది కాదు. మా అత్తగారు దానికి దిష్టి తీసింది, ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కింది. మా ఆయన సాయంత్రాలు దాని పక్కన నేల మీద కూర్చుని, ప్రయోగశాల నుంచి తెచ్చిన విటమిన్లు వేలి చివర నాకించేవాడు. అది నాకి, వేలు కొరికి, పారిపోయేది. రోజూ కొత్తవాడే ఆయన.

చెప్పిన నెలకి రెజీనా బుట్టతో సహా వచ్చింది.

తక్కెట్లో పెట్టింది. తీసింది. నా వంక చూడకుండా, బుట్ట మూత తెరిచింది. పులిహోర బుట్టలోకి తనే దూకి, అదో ఆట అనుకుని మూలలు వాసన చూసింది. మా అత్తగారు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను చెబితే అది చాడీ అవుతుంది. ఆయన నోటంట వినాలనుకున్నాను. గుండె మాత్రం ఆ కుక్కర్లాగే ఉంది, కూతకి సిద్ధంగా.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఆవిడ తిండి పెట్టిందండీ," అన్నాడు. "పెరుగుదల ఆగడానికి కారణం పోషణ కాదు. పాలల్లో ఒక పదార్థం కలపడం జరిగింది. ఆశించిన ఫలితంతో పాటు కొన్ని ఆశించని ఫలితాలు గమనించబడ్డాయి."

"ఎవరు కలిపారు?" అంది రెజీనా.

"కలపడం జరిగింది."

"ఎవరి చేత?"

"నా... నేను."

రెజీనా ఆయన్ని నిలబెట్టి కడిగేసింది. ఆ మాటలన్నీ ఇక్కడ రాయను, కొన్ని నాకూ కొత్తవి. అంతా అయ్యాక అడిగింది. "ఇక పెరుగుతుందా, పెరగదా?"

"తెలీదండీ. పెరగకపోయినా మా దగ్గరే ఉంటుంది. మా ఆఫీసులో కూడా చెప్పేశాను. ఈ మందు ప్రాణులకి వాడకూడదని రాసిచ్చాను. పరిశోధన ఆపేశారు."

ఇది నాకూ చెప్పలేదు. పదవి పెరగాల్సిన ఏడాది అది.

రెజీనా బుట్ట ఒంచి పులిహోరని నేల మీదకి వదిలింది. "వానాకాలం వెళ్ళే దాకా చూస్తాను. చుక్కలు గానీ మళ్ళీ కనపడ్డాయో..."

"పారబోశాడు," అంది మా అత్తగారు. "నేను దగ్గరుండి పారబోయించాను."

"మీ ఆయన పొరపాటైందని ఒక్కమాట అన్నాడా?" అని గుమ్మం దగ్గర నన్నడిగింది రెజీనా.

"గమనించబడిందన్నారు కదండీ. మా ఇంట్లో అంతకన్నా దూరం వెళ్ళలేదు ఎవరూ."

ఒక వాన పొద్దున మా అత్తగారి అన్నం పళ్ళెం పక్కన బియ్యపు నూకలాంటిది కనపడింది. నూక కాదు, పులిహోర పాలపన్ను. ఆవిడ దాన్ని పసుపూ కుంకుమా పెట్టే గిన్నెలో దాచింది. ఆ వారం తక్కెడ ముల్లు కదిలింది. తరవాత ఆగలేదు. తోక పొడుగైంది, గొంతు బొంగురుపోయింది, కర్టెన్లెక్కడం తగ్గి కర్టెన్ల వెనక నిద్ర ఎక్కువైంది. కుక్కర్ కూతకి ఒక చెవి మాత్రం కదిపి ఊరుకునేది. గ్యాస్ అబ్బాయి వస్తే ముఖం తిప్పుకునేది. బెండకాయ తొడిమె వేస్తే, 'ఇంకా ఆ వయసా నాకు' అన్నట్టు నా వంక చూసేది. ఇష్టాయిష్టాలు ఏర్పడ్డాయన్నమాట. మా అత్తగారితో పోటీకొచ్చింది.

కార్తీకమాసంలో ఒక ఆదివారం రెజీనా ఆఖరిసారి చూడటానికొచ్చింది. అందరం హాల్లో కూర్చున్నాం. మా ఆయన మూల కుర్చీలో.

"రా అమ్మా," అని రెజీనా చేతులు చాపింది. పులిహోర ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. నా పక్కనుంచి నడిచింది, నా చీర కుచ్చిళ్ళకి ఒళ్ళు రుద్ది ముందుకెళ్ళింది. మా అత్తగారి పెరుగన్నం చెయ్యి వాసన చూసి దాటేసింది. నెమ్మదిగా, బరువుగా, ఇంటి యజమానురాలి నడకతో వెళ్ళి, మా ఆయన ఒళ్ళోకెక్కి, రెండుసార్లు తిరిగి, ఆయన చేతిమీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆయన చుక్కలు వేసిన చెయ్యే అది. దానికా సంగతి తెలీదు, లేదా తెలిసీ క్షమించిందేమో. పిల్లుల విషయంలో చెప్పలేం.

రెజీనా అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది. "పెద్దదైపోయింది. ఆటలు తగ్గాయి. బరువు చూస్తే బాగానే ఉంది. తిరిగి ఇచ్చేసే ఆలోచనేమైనా ఉందా సార్?"

మా ఆయన జేబులో ఫోను మోగుతోంది. తియ్యలేదు. కాలు తిమ్మిరెక్కినట్టుంది, మొహం అటూ ఇటూ వంకర్లు పోతోంది, అయినా కదల్లేదు. పెద్దదైతే ఎవరూ ప్రేమించరని ఇడ్లీ పట్టుకుని వాదించిన మనిషి, ఆ బరువంతా ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి కూడా చూసి చూసి పీలుస్తున్నాడు.

పెదాలు కదిలాయి. ఏదో అన్నాడు.

"ఏవన్నావురా? వినపళ్ళేదు," అంది మా అత్తగారు.

"గట్టిగా అంటే లేస్తుందమ్మా."

"లేస్తే లేస్తుంది. గట్టిగా అను."

మా ఆయన నా వంక చూశాడు. నేను సాయం చెయ్యలేదు.

"నేను తప్పు చేశాను," అన్నాడు హాలంతా వినపడేలా. "చాలా తప్పు చేశాను సుభా."

పులిహోర ఒక కన్ను తెరిచి, ఇంతకన్నా నెమ్మదిగా చెప్పొచ్చు కదా అన్నట్టు ఆయన్ని చూసి, అటు తిరిగి పడుకుంది.